హంస కెఫే ముందు తెల్లగీత

నా నోరు మంచిది కాదని మేర్‌గెమ్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నా పేరు గోదెలీవ్, చర్చి వీధిలో ఫ్రైస్ కొట్టు నాది. పొద్దున బంగాళదుంపలు తరుగుతూ, మధ్యాహ్నం నుంచి కాగే ఎద్దుకొవ్వు ముందు నిలబడి, ఆ చిన్న కిటికీలోంచి ఈ ఊరి మొహాలు చూస్తూనే నా జీవితం సగం గడిచిపోయింది. అన్నాళ్లు చూశాక మనుషుల మీద గౌరవం మిగలడం కష్టం. నాకు మిగల్లేదు. ఆ సంగతి దాచుకోను కూడా.

మా అక్క కూతురు యోలీన్‌ను తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ వెనకే జాలి వేస్తుంది. జాలి వేసినందుకు మళ్లీ ఒళ్లు మండుతుంది.

వాళ్ల నాన్న పందులు పెంచేవాడు. సైకిల్ రేసులు గెలిచే కొడుకు కావాలని మొక్కుకుంటే కూతురు పుట్టింది. అయినా దిగులుపడలేదు, దిగులుపడాలన్నా కొంచెం బుర్ర కావాలి కదా. పిల్లకు నడక వచ్చీరాగానే సైకిల్ ఎక్కించాడు. ఊరి తిరునాళ్లలో పిల్లలకు రేసు పెట్టినప్పుడల్లా హంస కెఫే ముందున్న తెల్లగీతను యోలీన్ అందరికంటే ముందు దాటేది. పెద్దపిల్ల అయ్యాక కూడా దాటింది. గీత దాటగానే హంస కెఫే కిటికీ వైపు తిరిగి చూసి నవ్వేది, వాళ్ల నాన్న అక్కడ కూర్చునేవాడు కాబట్టి. ఆయన పోయాక కూడా ఆ అలవాటు పోలేదు.

మా నేల బల్లపరుపు. గుట్ట అన్నది మేం పక్క జిల్లాకు పోతే తప్ప చూడం. ఇలాంటి చోట జరిగే ఒక్కరోజు రేసు ఎప్పుడూ స్ప్రింటర్లదే. స్ప్రింటర్ అంటే ఎవరో చెబుతాను వినండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరి వీపు చాటున గాలి తగలకుండా దాక్కుని, మంచినీళ్ల సీసా కూడా ఇంకొకరి చేత తెప్పించుకుని, చివరికి ఊరి చర్చి కనపడగానే బయటికొచ్చి, నాలుగు తొక్కులు గట్టిగా తొక్కి, రెండు చేతులూ పైకెత్తే మనిషి. పువ్వులు ఆమెకే, ముద్దులు ఆమెకే, టీవీలో మొహం ఆమెదే. ఆ నాలుగు తొక్కుల ముందు వరకు గాలిని చీల్చుకుంటూ ఆమెను లాక్కొచ్చిన మనిషి అప్పటికి పక్కకు తప్పుకుని, రొప్పుతూ, ముక్కు కార్చుకుంటూ ఎక్కడో వెనకబడి ఉంటుంది. ఆ మనిషిని ఎవరూ చూడరు.

మా యోలీన్ ఆ మనిషి.

అలా ఎలా అయిందో నాకు బాగా గుర్తు. చిన్నతనంలో అందరినీ ఓడించిన పిల్ల, ఆడవాళ్ల టీమ్‌లో చేరిన మొదటి ఏడాదే ఇంటికొచ్చి నా కొట్టు ముందు నిలబడి గొప్పగా చెప్పుకుంది.

"పిన్నీ, నా వీపు వెడల్పు అంటున్నారు. నా వెనక కూర్చుంటే గాలే తగలదంట."

"బట్టల అలమారా వెనక కూర్చున్నా తగలదే," అన్నాను.

నవ్వేసింది. టీమ్ నడిపే డైరెక్టర్ గాడి మాటను మెచ్చుకోలు అనుకుంది. ఆనాటి నుంచి గాడిద చాకిరీ మొదలైంది. ఎండాకాలమంతా ఎవరెవరినో వీపున మోసి గెలిపించడం, చలికాలంలో కూరగాయలు గడ్డకట్టించే ఫ్యాక్టరీలో సగం రోజు పని. పెళ్లికి తీరిక లేకపోయింది. ఒక మెకానిక్‌తో కొన్నాళ్లు ఉంది. వాడు కూడా ఒక స్ప్రింటర్‌ను చూసుకుని వెళ్లిపోయాడు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. గాలి సంగతి ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మా వైపు గాలి పక్కనుంచి కొడుతుంది. అప్పుడు రోడ్డు మీద సైకిళ్లు బాతుల బారులా ఏటవాలుగా సర్దుకుంటాయి. ఆ బారులో చోటు దొరికినవాళ్లు బతుకుతారు, దొరకనివాళ్లు రోడ్డు అంచున కాలవ పక్కన ఒంటరిగా గాలి తింటూ వెనకబడతారు. ఏ పొలం దాటాక గాలి తిరుగుతుందో యోలీన్ ఆరేసిన దుప్పట్లు చూసి చెప్పేది. అంత తెలిసిన మనిషికి తన సంగతి తనకు తెలియకపోవడమే నాకు అర్థం కాదు.

ఇక యోలీన్ అభిమాన సంఘం. హంస కెఫేలో కూర్చునే ఒక గొర్రెల మంద అది. ఆ సంఘానికి పెద్ద నోర్బెర్ట్, వెనకటికి నార వ్యాపారం చేసి ఇప్పుడు బొజ్జ పెంచుకుంటున్న మనిషి. వాళ్లకో బ్యానరు, పచ్చ కండువాలు, ఏటా ఒకసారి ఎండు రేగుపళ్లతో కుందేలు మాంసం విందు. యోలీన్ గెలిచిందా ఓడిందా అని వాళ్లలో సగం మంది అడగరు. ఆడవాళ్ల రేసు అంటే మగవాళ్ల రేసు మొదలయ్యేలోపు బీరు తాగడానికి దొరికిన సాకు. కానీ ఆమె పేరెత్తితే మాత్రం "మా అమ్మాయి" అంటూ గుండెలు బాదుకుంటారు. ఆమె ఒక రేసులో కాలర్ బోన్ విరిగి మంచాన పడ్డప్పుడు వీళ్లలో ఒక్కడు సూపు గిన్నె పట్టుకెళ్లిన పాపాన పోలేదు.

ఈ ఏడాది వేసవి చివర్లో యోలీన్ నా కొట్టు దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే ఫ్రైస్ తినలేదు, వాసన మాత్రం పీలుస్తూ నిలబడింది. రేసుల రోజుల్లో ఆమె అంతే.

"పిన్నీ, వచ్చే ఏడాది టీమ్‌లో ఉంచుతారో లేదో తెలీదు."

"ఎందుకు? వీపు సన్నబడిందా?"

"నేను చేసే పని డైరెక్టర్‌కి తెలుసంట. డబ్బు పెట్టేవాళ్లకి తెలీదంట. ఈ సీజన్ అయిపోయేలోపు ఒక్కసారైనా మొదటి ముగ్గురిలో నా పేరు కనపడాలన్నాడు. లేకపోతే కష్టమన్నాడు."

"మరి నువ్వేమన్నావ్?"

"సరేనన్నాను."

"సరేనన్నావా. ఇన్నేళ్లు వాళ్లని మోశావు. ఇప్పుడు నిన్ను బయటికి నెడతామంటే సరేనన్నావు. నీకు వెన్నెముక ఎక్కడుందే అసలు, అంత వీపులో?"

"విను పిన్నీ. మన ఊరి రేసులో గెలిచే వంతు నాకిస్తామన్నారు. ఈసారి బ్రిట్ లాగుతుంది. నేను వెనక కూర్చుంటాను."

బ్రిట్ అంటే వాళ్ల టీమ్ స్ప్రింటర్. ఇరవై మూడేళ్లు, గోళ్లకు సైకిల్ రంగు, కళ్లు నెత్తిన. మా యోలీన్ నాలుగేళ్లు ఆమెను గెలుపు గీతల దాకా మోసింది.

"ఆ మహారాణి లాగుతుందా? గోళ్ల రంగు చెదిరిపోదూ?"

"లాగుతానంది," అంది యోలీన్. ఆ చెప్పడంలో మొహం ఎంత వెలిగిపోయిందంటే, నా నోటికి వచ్చిన మాట నేను మింగేశాను. నేను మాట మింగడం చాలా అరుదు. ముప్ఫై మూడేళ్ల మనిషి, తన ఊళ్లో తన వీధిలో ఒక్కసారి ఇంకొకరి వెనక కూర్చోనిస్తామంటే ఆనందపడిపోతోంది. ఆ ఒక్క రోజు పోతే మిగిలేది ఫ్యాక్టరీ, ఇంక పూర్తికాలం, రిటైరయ్యేదాకా. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు మా ఊరి గొప్ప రాజకీయం చెప్పాలి. రేసు ముగిసే గీత తాతల కాలం నుంచి హంస కెఫే ముందే ఉండేది. ఈ ఏడాది రేసు కమిటీలోకి గంట కెఫే యజమాని గిల్బెర్ట్ దూరాడు. దూరీ దూరగానే గీతను వీధి మలుపు తిప్పి తన కెఫే ముందుకు జరిపించాడు. గెలిచినవాళ్ల ఫోటోలో తన బోర్డు పడాలని ఆశ. హంసలో కూర్చునేవాళ్లకు ఇది దేశం పోయినంత పనైంది. వారాల తరబడి పోచికోలు కబుర్లు, బల్లలు గుద్దడాలు. యోలీన్ సీజన్ గురించి, ఆమె ఉద్యోగం గురించి ఒక్కడూ మాట్లాడలేదు. గీత, గీత, గీత. యోలీన్ మాత్రం రేసుకు ముందురోజు డైరెక్టర్‌తో కలిసి వచ్చి, కొత్త గీత దాకా తొక్కి చూసుకుని, తలూపి వెళ్లింది.

రేసు ఆదివారం. పాదిరిగారు చర్చిలో ప్రార్థన చేయిస్తున్న వేళ నోర్బెర్ట్, ఇంకో ఇద్దరు నా కొట్టుకు వచ్చారు. వేళ్ల నిండా తెల్లరంగు. ముసిముసి నవ్వులు.

"ఏంటి నోర్బెర్ట్, గోడలకి రంగులేసే పనిలో చేరావా?"

"గిల్బెర్ట్‌కి చిన్న కానుక," అన్నాడు. "పాత గీత మాసిపోయింది కదా. కొత్తగా, వెడల్పుగా వేశాం. టీవీవాళ్ల కెమెరాలో బ్రహ్మాండంగా పడుతుంది."

"ఈ వయసులో ఈ పిల్లచేష్టలేంటయ్యా?"

"గౌరవం, గోదెలీవ్. ఊరి గౌరవం. సాస్ కొంచెం ఎక్కువ వెయ్యి."

కాసేపటికి కమిటీ నుంచి ఒక అధికారి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో వాకీటాకీ, మొహం ఎర్రగా. ఎవడు వేశాడిది, రేసువాళ్లు పొరబడతారు అని వీధి అంతా తిరిగి అరిచాడు. నోర్బెర్ట్ నా కొట్టు ముందు ఫ్రైస్ నములుతూ ఏమన్నాడో నేను చెవులారా విన్నాను.

"బయటివాళ్లు పొరబడితే పొరబడనీ. మనకి మంచిదేగా. మా యోలీన్‌కి ఊరి సంగతి తెలియదా ఏంటి?"

అధికారికి రంగు తుడిపించే తీరిక లేదు. మాంసం కొట్టువాళ్లు నేల మీద చల్లుకునే రంపపుపొట్టు రెండు బస్తాలు తెప్పించి గీత మీద పోయించి, పని అయిపోయినట్టు చేతులు దులుపుకొని వెళ్లిపోయాడు. మా ఊళ్లో గాలి వీచదని ఎవరు చెప్పారో అతనికి. రేసు ముందు వచ్చే ప్రచారం బళ్లు నాలుగు దాటేసరికి పొట్టంతా నా కొట్టులోకి ఎగిరొచ్చింది. గీత మళ్లీ తెల్లగా మెరుస్తూ కనిపించింది. పొట్టు పడ్డ దుంపలు కడుక్కుంటూ ఆ ముగ్గురినీ, అధికారినీ, గిల్బెర్ట్‌నూ, అందరినీ పేరుపేరునా తిట్టాను.

రేసు సంగతులు మైకులో వినిపిస్తూనే ఉన్నాయి. సముద్రం వైపు రోడ్డెక్కగానే గాలి పక్కనుంచి కొట్టిందట. గుంపు ముక్కలైందట. ముందు బారులో పాతికమంది కూడా మిగల్లేదు. అందులో యోలీన్ ఉంది, వెనకే బ్రిట్ కూడా ఉంది. పెద్ద పెద్ద పేర్లున్న స్ప్రింటర్లు చాలామంది కాలవ పక్కన చిక్కుకుపోయారని విని నాకు మనసులో హాయిగా అనిపించింది. వీపులు వెతుక్కునేవాళ్లకు వీపు దొరక్కపోతే అంతే మరి.

ఇంతలో మోటార్ సైకిళ్ల హారన్లు వినిపించాయి. జనం కంచెల మీదికి ఎగబడ్డారు. నేను జల్లిగరిటె పట్టుకుని స్టూలెక్కాను.

ముందు వస్తున్నది బ్రిట్. నిజం చెప్పాలి కదా, ఆ పిల్లను నేను అప్పటిదాకా పూచికపుల్లతో సమానంగా చూశాను. కానీ ఆరోజు తల హ్యాండిల్ మీదికి వంచి, నోరు తెరిచి, ముక్కూ చొంగా కారుతుంటే తుడుచుకోకుండా, తన బతుకంతా ఇంకొకరి కోసమే పుట్టినట్టు తొక్కింది. ఒంట్లో ఒక్క పిసరు బలం కూడా దాచుకోలేదు. ఆమె వెనక మా యోలీన్. ఆ వెనక మిగతా గుంపు. మాంసం కొట్టు దాటగానే బ్రిట్ పక్కకు తప్పుకుంది. యోలీన్ లేచి నిలబడి తొక్కింది.

ఆ తొక్కుడు ఆమె చిన్నతనం తర్వాత నేను మళ్లీ చూడలేదు. ఇన్నేళ్లు ఎక్కడ దాచిందో తెలియదు. పక్కనున్నదాని కంటే సైకిలంత ముందుకొచ్చేసింది. కొవ్వులో ఫ్రైస్ మాడిపోతున్నాయి, పట్టించుకోలేదు. హంస ముందు పచ్చ కండువాలన్నీ ఒక్కసారి ఎగిరాయి. అడ్డంగా, వెడల్పుగా, తెల్లగా గీత. యోలీన్ చేతులు చాచి సైకిల్‌ను గీత మీదికి తోసింది. తొక్కడం ఆపింది. నిటారుగా కూర్చుని హంస కిటికీ వైపు తిరిగి నవ్వింది.

"తొక్కు యోలీన్! ఇంకా ఉంది, తొక్కు!" వెనక నుంచి బ్రిట్ గొంతు చించుకుంది.

మొదటి సైకిల్ ఆమె పక్కనుంచి దూసుకుపోయేదాకా యోలీన్‌కు అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్లీ తొక్కింది, కానీ ఆగిన కాళ్లు వెంటనే మాట వినవు. రెండోది దాటింది. మలుపులో మూడోది దాటింది. గంట కెఫే ముందు గిల్బెర్ట్ పెట్టించిన బ్యాండు మోగడం మొదలైంది.

నాలుగో స్థానం.

కొట్టు వదిలేసి పరుగెత్తాను. టీమ్ బస్సు పక్కన యోలీన్ రోడ్డు మీదే కూర్చుని ఉంది. బ్రిట్ తన సీసా మూత తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఇంకొకరికి నీళ్లు అందించడం నేను మొదటిసారి చూశాను. డైరెక్టర్ వచ్చి యోలీన్ భుజం మీద చెయ్యి వేశాడు, కళ్లలోకి మాత్రం చూడలేదు.

"నాలుగు కూడా మంచిదే. ఇలాంటి గాలిలో నాలుగంటే మాటలా," అన్నాడు. "వచ్చేవారం మాట్లాడుకుందాం."

ఆ మాటకు అర్థమేంటో మా యోలీన్‌కు కూడా తెలుసు. వాడు బస్సెక్కి తలుపు వేసుకున్నాడు. తొమ్మిదేళ్లు అతని స్ప్రింటర్లను మోసిన మనిషికి ఆ తలుపు చప్పుడే వీడ్కోలు.

"తప్పు నాదే పిన్నీ," అంది. "నిన్ననేగా చూసుకెళ్లాను. నాకు తెలుసు గీత అక్కడ లేదని. కానీ కాళ్లు ఆగిపోయాయి."

"తప్పు నీది కాదే. ఆ రంగు ఎవరు వేశారో చెప్పనా?"

"తెలుసు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. నా టైరుకి అంటుకుంది."

తిట్టమని బతిమాలాను. ఆమె తరపున నేను తిడతానన్నాను. వద్దంది.

ఈలోపు సంఘంవాళ్లు వచ్చి ఆమెను దాదాపు ఎత్తుకుని హంసలోకి తీసుకుపోయారు. నేనూ వెనకే వెళ్లాను. లోపల పండగ. ముందే కొనిపెట్టుకున్న పూలగుత్తి బయటికొచ్చింది. బ్యానరు గోడకు కట్టారు. నోర్బెర్ట్ కుర్చీ ఎక్కాడు.

"అసలైన గీత దగ్గర మొదట వచ్చింది ఎవరు? మన యోలీన్. ఊరంతా చూసింది, టీవీ చూసింది. ఆ గిల్బెర్ట్ గాడి గీత మనం లెక్కచెయ్యం. మా దృష్టిలో ఇవాళ గెలిచింది నువ్వేనమ్మా. అది ఎవడూ నీ దగ్గర్నుంచి లాక్కోలేడు."

చప్పట్లు, బీరు గ్లాసులు. పచ్చ కండువా ఒకటి ఆమె మెడలో వేశారు. వాళ్ల ముఖాల్లో నిజంగానే ఆనందం. నాకు అదే అసహ్యం వేసింది. దొంగలైతే తన్నొచ్చు, వీళ్లను ఏం చెయ్యాలి? తాము ఆమెకు ఏం చేశారో ఆ గదిలో ఒక్కడి బుర్రకూ తట్టలేదు.

యోలీన్ పూలగుత్తిని బల్ల మీద పెట్టింది.

"నోర్బెర్ట్ మామా, ఫ్యాక్టరీలో షిఫ్టులు వేసేది మీ అల్లుడేగా?"

"అవునమ్మా, వాడే. ఏం?"

"ఇంక నేను పూర్తికాలం వస్తాను. పొద్దుటి షిఫ్టు వెయ్యమని చెప్తారా? మధ్యాహ్నం వెలుగుంటుంది, కొంచెం తొక్కుకోవచ్చు. మీరే అన్నారుగా నేను గెలిచానని. ఆ ఒక్కటీ చేసిపెట్టండి."

ఆ గొంతులో వెటకారం లేదు. ఆ పిల్లకు వెటకారం రాదు. మా ఇంట్లో ఆ వాటా మొత్తం నాకే వచ్చింది. నిజంగానే అడిగింది. ఆ గదిలో ఎవరో ఒకరు తన కోసం ఒక్క పని చేస్తారని ఇంకా నమ్ముతూ అడిగింది.

గ్లాసులు పట్టుకున్నవాళ్లు గ్లాసుల్లోకి చూసుకున్నారు. నోర్బెర్ట్ కుర్చీ దిగి, కండువా సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"చూద్దాం తల్లీ," అన్నాడు. "పొద్దుటి షిఫ్టుకి ఈమధ్య పోటీ ఎక్కువ."

ఆమెకు రాత్రి షిఫ్టు పడింది. పాలకూర లైను.